రేవుకూ ఊరికీ మధ్య

"ఇంకా వారధి కూడా కట్టలేదురా. అప్పుడే వెళ్లిపోదామంటాడేంటి?"

బ్యాంకాక్‌లో మా మేనత్త అన్న మాట ఇది. రాజప్రాసాదం ఆవరణలోనే ఉన్న వాట్ ఫ్రా కేయో గుడి చుట్టూ పొడవాటి వసారా ఉంటుంది. దాని గోడల నిండా రామాయణమే. థాయ్‌లు రామకియెన్ అంటారు. మొత్తం 178 ఘట్టాలు. సీత జనకుడికి దొరికే బొమ్మ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగూ వేస్తూ వెళ్లాలి. తణుకులో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన అత్తయ్య ఆ గోడల కోసమే క్రూయిజ్‌కి ఒప్పుకుంది. ఏడో బొమ్మ దగ్గర ఉండగా గైడు జెండా ఊపాడు. బస్సెక్కే వేళైంది. నూట డెబ్బై ఒక్క బొమ్మలు చూడకుండానే వెనక్కి తిరిగాం.

గైడు తప్పేం లేదు. తప్పు నాది. పటంలో బ్యాంకాక్ పేరు చూశాను గానీ, ఓడ ఎక్కడ ఆగుతుందో చూడలేదు.

పెద్ద ఓడలు బ్యాంకాక్ ఊళ్లోకి రాలేవు. ఊరికి దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేమ్ చబాంగ్ రేవులో ఆగుతాయి. అది కంటైనర్లు దించుకునే సరుకుల రేవు. ఉదయం ఎనిమిదికి ఆగి సాయంత్రం ఐదుకి కదిలే ఓడ అయితే మనకి తొమ్మిది గంటలు దొరికినట్టు అనిపిస్తుంది. దిగడానికి వరుస, బస్సు వెతుక్కోవడం కలిపి ముప్పావుగంట పోతుంది. ఓడ కదలడానికి గంట ముందే అందరూ లోపల ఉండాలి. ఇక మిగిలింది ఏడుంబావు. పోనూ రానూ ఐదు గంటలు తీసేస్తే రెండుంబావు. అందులోనే భోజనం, టికెట్ల వరుస, గుంపులో వెనకబడినవాళ్ల కోసం ఎదురుచూపులు. చివరికి గోడ ముందు నిలబడటానికి మాకు మిగిలింది ఇరవై నిమిషాలు.

హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ నేరుగా సింగపూర్‌కి విమానాలున్నాయి. అక్కడ ఓడెక్కి ఆగ్నేయాసియా తిరిగొచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఓడలోనూ కనిపిస్తున్నాయి. టికెట్ కొనేటప్పుడు వాళ్లంతా గది గురించి అడుగుతారు, బాల్కనీ ఉందా అంటారు, పప్పన్నం దొరుకుతుందా అంటారు. రేవు గురించి అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే గది కంటే ముందు అడగాల్సింది అదే. ఓడ ఆగే చోటు పేరేంటి? అక్కడినుంచి మనం చూడాలనుకున్నది ఎన్ని కిలోమీటర్లు? ఓడ నేరుగా గట్టుకి ఆనుతుందా, సముద్రంలో నిలబడి చిన్న పడవల్లో పంపుతుందా? ఈ మూడూ తెలిస్తే సగం ప్రయాణం చక్కబడినట్టే.

ఆ ఓడే తర్వాత హోచిమిన్ సిటీ అని చెప్పి ఫు మీ రేవులో దింపింది. ఊరికి సుమారు 70 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు గంటలు. రేవు బయట నడిచి తిరగడానికి ఏమీ లేదు. కూచీ సొరంగాలు ఊరికి అవతలి వైపు ఉన్నాయి కాబట్టి, అవి చూడాలంటే రోజంతా బస్సు సీటుకే అంకితం. హా లాంగ్ బేలో ఆగే ఓడ నుంచి హనోయి చూసి వస్తామనేవాళ్లదీ ఇదే కథ. 160 కిలోమీటర్లు వెళ్లి అంతే దూరం వెనక్కి రావాలి. 1994లోనే యునెస్కో జాబితాకెక్కిన సున్నపురాయి కొండలు ఓడ చుట్టూ నీళ్లలో నిలబడి ఉండగా, వాటిని వదిలి హైవే చూడ్డానికి వెళ్లడమంటే నాకు మనసొప్పదు.

మధ్య వియత్నాం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగువాళ్లు అక్కడ చూడాల్సింది చాలా ఉంది. ఓడలు అక్కడ చాన్ మే అనే రేవులోనో, డా నాంగ్ ఊరి పక్కనే ఉన్న తియెన్ సా రేవులోనో ఆగుతాయి. రెండిటికీ తేడా చాలా ఉంది. చాన్ మే నుంచి ఉత్తరాన ఒకప్పటి రాజధాని హ్యూ, దక్షిణాన డా నాంగ్, ఇంకా కిందకి హోయి ఆన్. ఒక్కరోజులో ఒక్క దిక్కే సాధ్యం. ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శైవులు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ మీ సన్ లోయలో భద్రేశ్వరుడి పేర లింగాన్ని ప్రతిష్ఠించాడు. సంస్కృత శాసనాలు, ఎర్ర ఇటుక గుళ్లు, చుట్టూ కొండలు. ఎంతో వెళ్లాలనిపిస్తుంది. కానీ చాన్ మే నుంచి వెళ్లి రావడానికే రోజు సరిపోతుంది. అందుకే నేను డా నాంగ్ ఊళ్లోని చామ్ శిల్పాల మ్యూజియానికి వెళ్లమంటాను. 1919లో తెరిచారు. మీ సన్, ట్రా కియూ, డోంగ్ డువోంగ్ శిల్పాలు అక్కడే ఉన్నాయి. ట్రా కియూ పీఠం చుట్టూ చెక్కిన బొమ్మల్ని రామాయణ ఘట్టాలని చెబుతారు. ఆ పీఠం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో బొమ్మనీ చూస్తే, విల్లు పట్టుకున్నవాడెవడో, చుట్టూ నిలబడ్డవాళ్లెవరో గైడు చెప్పనక్కర్లేకుండానే మనం పోల్చుకోగలం. తొందరపెట్టేవాళ్లుండరు. రెండు గంటలు తీరుబడిగా చూసి, ఊళ్లో అన్నం తిని, వెలుతురుండగానే ఓడెక్కేయొచ్చు.

అన్నం అంటే గుర్తొచ్చింది. వియత్నాంలో శాకాహారాన్ని "చాయ్" అంటారు. "కోమ్ చాయ్" అని బోర్డున్న చోట అన్నం దొరుకుతుంది, మాంసం ఉండదు. థాయ్‌లాండ్‌లో "జే" అనాలి. కూరగాయలే అని వడ్డించినా అందులో చేపల సాస్ పడే అలవాటు రెండు దేశాల్లోనూ ఉంది కాబట్టి, ఈ మాట ముందే చెప్పాలి.

ఇక చిన్న పడవల సంగతి. ఫుకెట్‌లో పటాంగ్ తీరం, కో సముయి లాంటి చోట్ల ఓడ లోతు నీళ్లలో లంగరేసి, టెండర్ బోట్లలో మనుషుల్ని ఒడ్డుకు చేరుస్తుంది. ఓడవాళ్ల టూర్లు కొన్నవాళ్లు ముందు దిగుతారు. మిగతావాళ్లు నంబరు చీటీ తీసుకుని కూర్చోవాలి. అల ఊగిసలాడుతుంటే ఓడ తలుపు నుంచి బోటులోకి కాలు మార్చడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే గట్టుకి ఆనే రేవులు ఎక్కువున్న ఓడే ఎంచుకోండి. సముద్రం పొంగితే కెప్టెన్ టెండర్లు వేయడు, ఆ ఊరే రద్దయిపోతుంది. ఫుకెట్ ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలులు వీస్తాయి. కో సముయి, మధ్య వియత్నాం వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కుండపోత. నెలని బట్టి సముద్రాన్ని ఎంచుకోవాలి గానీ, సెలవుల్ని బట్టి కాదు.

బ్యాంకాక్ రోజున మాకు ఇంకొక పాఠం దొరికింది. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. కొన్ని ఓడలు ఏ దేశం వెళ్తే ఆ దేశపు సమయానికి మారతాయి. మా ఓడ సింగపూర్ సమయాన్నే పట్టుకుని ఉంది. ఫోను మాత్రం ఒడ్డెక్కగానే తనంతట తానే మారిపోయింది. తిరుగు దారిలో ట్రాఫిక్‌లో ఉండగా నా ఫోన్‌లో మూడే అయింది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అత్తయ్య ముంజేతికున్న పాత హెచ్‌ఎంటీ గడియారం చూసి "నాలుగురా" అంది. ముల్లు ఆవిడ తిప్పలేదు. ఓడలో ఏ టైముంటే గడియారంలో అదే ఉంచింది. అది ఓడవాళ్ల బస్సు కాబట్టి బతికిపోయాం. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మనంతట మనం టాక్సీ మాట్లాడుకుని వెళ్తే ఆగదు. దూరపు ఊరికి ఓడవాళ్ల టూరు, దగ్గర ఊరికి సొంత కాళ్లు అని ఆ రోజే నిర్ణయించుకున్నాను. వాళ్ల టూర్లకి డబ్బు ఎక్కువే, కాదనను. రెండు గంటల దూరంలో ఉన్నప్పుడు మాత్రం ఆ డబ్బు నిశ్చింతకి ఇచ్చుకున్నట్టు.

లేమ్ చబాంగ్‌లో ఓడ రాత్రి కూడా నిలిచే ప్రయాణాలు కొన్ని ఉంటాయి. బ్యాంకాక్ చూడాలంటే అలాంటిదే వెతుక్కోండి. లేదంటే రేవు దగ్గరే ఉన్న పట్టాయాలో, 1981 నుంచీ పూర్తిగా చెక్కతోనే కడుతూ వస్తున్న శాంక్చురీ ఆఫ్ ట్రూత్ చూడండి. గోడలూ స్తంభాలూ దేవతా శిల్పాలూ అన్నీ చెక్కే.

వీసాల విషయంలో ఒక్క మాట. సింగపూర్‌లో ఓడెక్కి, వేరే దేశం తిరిగి, మళ్లీ సింగపూర్‌లో దిగేవాళ్లు ఆ దేశంలోకి రెండోసారి అడుగుపెడుతున్నట్టే లెక్క. ఒకసారికే చెల్లే వీసా పనికిరాదు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి, దారిలో ఉన్న ప్రతి దేశం సంగతీ టికెట్ కొనేరోజు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి చూసుకోవాలి. ఓడలో రోజూ ఇచ్చే కాగితంలో ఆ రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దిగేముందు దాన్ని ఫోటో తీసుకోండి. ఓడ తప్పిపోతే ఆదుకునేది ఆ నంబరే.

మరుసటి ఏడు అత్తయ్యని మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి పెనాంగ్. ఓడ ఆగిన స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్ టౌన్ ఊళ్లోనే ఉంది. గేటు దాటి రోడ్డు దగ్గరికి రాగానే ఎదురుగా తెల్లటి గడియార స్తంభం. విక్టోరియా రాణి పాలనకి అరవై ఏళ్లు నిండాయని 1897లో తలపెట్టి, ఏడాదికో అడుగు చొప్పున అరవై అడుగులు కట్టారు. అక్కడినుంచి నెమ్మదిగా నడిస్తే పావుగంటలో లిటిల్ ఇండియా. క్వీన్ స్ట్రీట్ మారియమ్మన్ గుడి, కొంచెం అవతల చైనీయుల క్వాన్ యిన్ గుడి, సెయింట్ జార్జ్ చర్చి, కపితాన్ కెలింగ్ మసీదు. నాలుగు మతాల గుళ్లూ రెండు మూడు వీధుల్లోనే. ఈ పట్టణాన్ని 2008లో మలక్కాతో కలిపి యునెస్కో గుర్తించింది.

మల్లెపూల బుట్ట ముందు అత్తయ్య బేరమాడుతుంటే, పక్కనున్న పెద్దాయన "మీదే ఊరండీ?" అని తెలుగులో పలకరించాడు. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లో తోటల పనికి వచ్చారట. బ్రిటిష్ వాళ్ల కాలంలో రబ్బరు, కొబ్బరి తోటలకి వచ్చిన తెలుగువాళ్ల సంతతి బగాన్ డాటు ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఆయనా అక్కడివాడే. కూతురింటికి వచ్చాడట. గుడి అరుగు మీద ఇద్దరూ కూర్చుని ముప్పావుగంట మాట్లాడుకున్నారు. నేను అరటాకు భోజనం చేసి వచ్చేసరికి ఇంకా మాటలు నడుస్తూనే ఉన్నాయి.

సాయంత్రం రేవు వైపు నడుస్తూ గడియార స్తంభం కింద ఆగాం. ఇక్కడ మలేసియా టైమూ, సింగపూర్ టైమూ ఒకటే. అత్తయ్య తలెత్తి స్తంభం వైపు చూసి, తర్వాత తన హెచ్‌ఎంటీ చూసుకుంది.

"గంటంబావు ఉందిరా ఇంకా. పద, ఆ గుడి వీధి ఇంకోసారి తిరిగొద్దాం."