గాడిలో పాట, అంకెలలో పాట

2022వ సంవత్సరమున అమెరికాలో గ్రామఫోను రికార్డులు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైనవి. కాంపాక్ట్ డిస్కులు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే. పాత నల్ల రికార్డు డిస్కును మించుట 1987 తరువాత అదే మొదటిసారి. రికార్డులను మెచ్చువారిలో పలువురు చెప్పు కారణ మొకటి గలదు. గాడిలోని ధ్వని ఎడతెగనిది. అంకెలలోని ధ్వని ముక్కలు చేయబడినది. ముక్కకు ముక్కకు నడుమ నున్నదంతయు పోయినదే గదా యని వారి వాదము. ఈ మాట వినుటకు సబబుగా నుండును. అందుచేతనే దీనిని నిదానముగా పరీక్షింపవలసి యున్నది.

ముందు గాడి సంగతి. శబ్దమనగా గాలి ఒత్తిడిలో కలుగు హెచ్చుతగ్గులు. 1877లో ఎడిసన్ తగరపు రేకుపై సూదిచే గీయించినది ఈ హెచ్చుతగ్గులనే. ఒత్తిడి ఎట్లు మారునో, మరియొక వస్తువులో ఏదో ఒకటి అట్లే మారునట్లు చేయుట ఈ పద్ధతికి ప్రాణము. రికార్డులో గాడి వంపు, టేపులో అయస్కాంతత్వము ఈ పోలికను మోయును. దీనికే అనలాగ్ పద్ధతి యని పేరు. సాదృశ్య పద్ధతి యనియు అనవచ్చును.

ఈ పోలిక ఎంత చక్కనిదో లెక్క వేసి చూడవచ్చును. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును, అనగా చుట్టుకు 1.8 సెకండ్లు. వెలుపలి గాడి వ్యాసము సుమారు 29 సెంటీమీటర్లు గనుక అక్కడ సూది క్రింద సెకండుకు 50 సెంటీమీటర్ల గాడి జరుగును. లోపలి చివర వ్యాసము 12 సెంటీమీటర్లే. అక్కడ జరుగునది 21 సెంటీమీటర్లు. సెకండుకు 10,000 కంపనములు గల ధ్వనిని తీసికొన్నచో, దాని ఒక్కొక్క తరంగమునకు వెలుపల మిల్లీమీటరులో ఇరువదవ వంతు చోటు దొరకగా, లోపల సుమారు ఏబదవ వంతు మాత్రమే దొరకును. సూదిమొన అంత ఇరుకైన వంపులలో నిమిడి నడువలేదు. రికార్డు ప్రక్క మొదట నున్న పాట వలె చివరి పాట నిర్మలముగా వినబడకపోవుటకు ఇదియే హేతువు.

అంతేకాదు, గాడి యనునది ధ్వనికి అచ్చమైన ప్రతిబింబము కూడ కాదు. మంద్రస్వరములను ఉన్నవి ఉన్నట్లు కోసినచో ఒక గాడి పోయి ప్రక్క గాడిలో పడును. మిక్కిలి హెచ్చు స్వరములు సూది రాపిడి రొదలో మునిగిపోవును. అందుకని 1954లో అమెరికా రికార్డుల పరిశ్రమ ఒక కొలతను నిర్ణయించెను. 1,000 కంపనముల ధ్వనితో పోల్చినచో, 20 కంపనముల ధ్వనిని తొమ్మిదవ వంతుకంటె తక్కువకు తగ్గించి, 20,000 కంపనముల ధ్వనిని తొమ్మిది రెట్లకు మించి హెచ్చించి కోతయంత్రమునకు పంపుదురు. వినునప్పుడు యంత్రము దీనిని తలక్రిందులు చేసి సరిదిద్దును. "ప్రకృతి సహజమైన" గాడి వెనుక ఇంత తంతు ఉన్నది!

ఇక అంకెల పద్ధతి. మైక్రోఫోను నుండి వచ్చు విద్యుత్తును సెకండుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను సంఖ్యలుగా వ్రాసి పెట్టుకొనుట డిజిటల్ పద్ధతి. టెలిఫోను మాటలను ఇట్లు పంపవచ్చునని అలెక్ రీవ్స్ 1938లోనే పేటెంటు పొందెను. 1972లో జపానునందు డెనన్ కంపెనీ సంగీతమును ఇట్లు నమోదు చేయు యంత్రమును వాడుకలోనికి తెచ్చెను. అమెరికాలో థామస్ స్టాక్‌హామ్ 1976లో శాంటా ఫే నగరపు ఒపేరాను ఈ విధముగనే రికార్డు చేసెను. ఫిలిప్స్, సోనీ కంపెనీల కాంపాక్ట్ డిస్కు 1982లో బజారుకు వచ్చినది. అందు సెకండుకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలత 16 బిట్ల సంఖ్య. 44,100 అను ఈ విచిత్ర సంఖ్య సంగీత శాస్త్రము నుండి వచ్చినది కాదు. అప్పటిలో ఇన్ని అంకెలను పట్టగలిగినవి వీడియో టేపు యంత్రములే. వాని చిత్రములో గీతకు మూడు కొలతల చొప్పున 245 గీతలు, సెకండుకు 60 సార్లు: ఈ మూడింటిని గుణించినచో 44,100 వచ్చును.

కొలతకు కొలతకు మధ్య నున్న ధ్వని ఏమైనట్లు? వివాదమునకు కీలక మిక్కడ నున్నది. నల్లబల్లపై కొన్ని చుక్కలు పెట్టి వాని గుండా గీత గీయుమన్నచో, విద్యార్థులు ఎన్ని రకముల గీతలనైనను గీయగలరు. కాని ఒక నియమము పెట్టి చూడవలెను: గీతలో ఫలానా వేగముకంటె త్వరగా ఊగు కంపనము ఏదియు ఉండరాదు. చుక్కలు ఆ వేగమునకు రెండింతలకంటె దట్టముగా నున్నచో, వానిగుండా పోగల గీత ఒక్కటే మిగులును. మరే గీతయైనను చుక్కల నడుమ అదనముగా వంగవలె; అట్లు వంగుటకు నియమము తప్పి త్వరగా ఊగవలె. హారీ నైక్విస్ట్ 1928లోను, కొటెల్నికొవ్ 1933లోను, క్లాడ్ షానన్ 1949లోను ప్రకటించిన పరిశోధనలలో ఈ సిద్ధాంతము రూపుదిద్దుకొన్నది. మనుష్యుని చెవికి సెకండుకు 20,000కు మించిన కంపనములు వినబడవు. కాబట్టి అంతకు మించినవానిని ముందే వడపోసి, 44,100 సార్లు కొలిచినచో, నడుమ నున్నది పోదు. ఆ చుక్కలలోనే అది సంపూర్ణముగా నిమిడి యున్నది. డిస్కు యంత్రము నుండి వెలువడునది మెట్లు మెట్లుగా నుండునని కొన్ని పుస్తకములలో బొమ్మలు వేయుదురు. ఆ బొమ్మ చాల అనర్థము చేసినది. చివరి వడపోత దాటి వచ్చు తరంగము నున్ననిదే.

వడపోత మాత్రము తప్పనిసరి. సినిమాలో బండి ముందుకు పోవుచుండగా చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట అందరును చూచినదే. సెకండుకు 24 బొమ్మలు ఆ వేగమునకు చాలకపోవుటచే కలిగిన భ్రమ యది. 30,000 కంపనముల ధ్వనిని వడపోయక 44,100 సార్లు కొలిచినచో, అదియు అట్లే 14,100 కంపనముల దొంగస్వరమై చెవిలో పడును.

కాలము సంగతి ఇట్లు తేలినది గాని కొలత సంగతి మిగిలియున్నది. 16 బిట్లతో 65,536 మెట్లే వచ్చును. కొలత రెండు మెట్ల మధ్య పడినచో దగ్గరి మెట్టుకు జరుపవలె. ఇక్కడ నిజముగా కొంత పోవును. మిక్కిలి సన్నని ధ్వనులు దీనిచే గరగరలాడును. దీనికి విరుగుడు వింతైనది: కొలుచుటకు ముందు బుద్ధిపూర్వకముగా రవంత రొదను కలుపుదురు! దీనికి డిదర్ అని పేరు. తరగతిలో చీటీలతో దీనిని చూపవచ్చును. 0.3 అను సంఖ్యలో దశాంశ భాగమును తీసివేసినచో ఎన్నిసార్లు చేసినను 0 యే. దానికి 0 నుండి 0.9 వరకు గల పది సంఖ్యలలో నొకదానిని చీటీ తీసి కలిపి, అటుపిమ్మట దశాంశమును తీసివేసినచో, పదింట సుమారు మూడుసార్లు 1, ఏడుసార్లు 0 వచ్చును. సగటు 0.3. పోయినదనుకొన్న సంఖ్య రొదలోనుండి తిరిగి వచ్చినది. మిగులునది సన్నని సమమైన హోరు మాత్రమే. అదియు రికార్డు గాడి రొదకంటె చాల తక్కువ.

లెక్క ఇట్లుండగా చెవి ఏమనును? 2007లో మేయర్, మోరాన్ అను వారిద్దరు అమెరికాలో ఒక పరీక్ష ప్రకటించిరి. హెచ్చు సూక్ష్మత గల డిస్కుల సంగీతమును ఒకప్పుడు నేరుగాను, ఒకప్పుడు 16 బిట్ల, 44,100 కొలతల సంఖ్యల గుండా పంపియు వినిపించి, ఏది ఏదో చెప్పుమనిరి. 554 పర్యాయములలో 276 సార్లు సరియైన జవాబు వచ్చినది. నాణెమెగురవేసినను అంతే. 2016లో ఇట్టి పరీక్షలు పదునెనిమిదింటిని కలిపి లెక్కించగా సరియైన జవాబులు నూటికి 52.3 తేలినవి. తేడా బొత్తిగా లేదనలేము గాని, అది గాడిని గొప్ప చేయునది కాదు. పోల్చినవి రెండును అంకెలే.

2022 జూలైలో మరొక "పరీక్ష" ఎవరును తలపెట్టకయే ముగిసినది. మొబైల్ ఫిడెలిటీ అను అమెరికా సంస్థ అసలు టేపుల నుండి గ్రామఫోను రికార్డులు తీయుటలో పేరుపొందినది. అనలాగ్ ప్రియులు వానిని ఎంతో ధరపెట్టి కొని, అంకెల సోకు లేని ధ్వని యని మెచ్చుకొనుచుండిరి. ఆ సంస్థ 2011 నుండి పెక్కు రికార్డులకు టేపును ముందు అంకెలుగా మార్చి, వాని నుండియే గాడి కోయుచుండెనని అప్పుడు బయటపడినది. పదునొకండేండ్లు ఎవరి చెవియు దానిని పట్టలేదు.

అట్లని రికార్డుప్రియులు వట్టి భ్రమపరులనుట న్యాయము కాదు. ఒకే పాట డిస్కుపై కటువుగాను, రికార్డుపై హాయిగాను ఉండుట పలుమార్లు నిజమే. దోషి మాత్రము వేరు. పాట ప్రక్కవాని పాటకంటె బిగ్గరగా వినబడవలెనను పోటీలో, 1990ల నుండి, మెల్లని భాగములను పెంచి, పెద్ద భాగముల శిఖరములను నరికి, అంతయు ఒకే మట్టమున నుండునట్లు చేయుట అలవాటైనది. 2008లో మెటాలికా బృందము వెలువరించిన "డెత్ మాగ్నెటిక్" డిస్కు ఇందుకు ప్రసిద్ధికెక్కిన ఉదాహరణ. అవే పాటలు ఒక వీడియో ఆటలో అంత నలిగిపోకుండ వచ్చినవి. రెంటిని పోల్చి చూచిన అభిమానులు డిస్కును మరల తయారుచేయుమని సంతకములు సేకరించిరి. ఆటలోని పాటలును అంకెలే! రికార్డు కొరకు వేరుగా సిద్ధము చేయునపుడు ఈ పని తరచు కొంత మెత్తగా జరుగును. దానికితోడు టేపు నిండుగా పట్టినపుడు శిఖరములను మెల్లగా వంచును. ఆ వంపు చేర్చు అనుస్వరములు చెవికి ఇంపు. అది లోపమే గాని రుచిగల లోపము. రుచిని కోరుట తప్పు కాదు. దానిని యథార్థత యనుటయే తప్పు.

ఈ వాదము ఇండ్లలో వినుటకు సంబంధించినంతవరకు వినోదమే. ధ్వని భాండాగారములలో మాత్రము దీనికి గడువున్నది. 1970 దశకము మొదలుకొని తయారైన కొన్ని రకముల టేపులలో, అయస్కాంతపు పొడిని పట్టియుంచు జిగురు గాలిలోని తేమను పీల్చి జిగటబారును. యంత్రముపై నడిపినచో పొర ఊడి, పాటయు దానితోనే పోవును. టేపు నుండి టేపుకు ప్రతి తీసినచో ప్రతిసారియు హోరు పెరుగును; అంకెల ప్రతి పదవసారియు మొదటిదే. అందుచేత అంతర్జాతీయ ధ్వని భాండాగారముల సంఘము పాత టేపులను కనీసము 48,000 కొలతలు, 24 బిట్లు గల సంఖ్యలుగా మార్చి దాచుమని చెప్పుచున్నది. అంకెలకును కాపలా కావలె. వానిని మోయు పరికరములు చెడును గనుక ఎప్పటికప్పుడు క్రొత్తవానిలోనికి ఎత్తి వ్రాయుచుండవలెను. జిగటబారిన టేపులను సుమారు 50 డిగ్రీల వేడిలో గంటలకొలది ఆరబెట్టుదురు. అటుపిమ్మట కొలది వారములు మాత్రమే అవి సరిగా నడచును. పాటను ఎత్తి వ్రాసికొనవలసినది ఆ వ్యవధిలోనే.