పుట్టినరోజుకి వైజాగ్... ఆయనకి తెలియకుండా, పన్నెండు వేలలో!

బర్త్‌డే సర్‌ప్రైజ్ అనగానే మనకి రీల్సే గుర్తొస్తాయి. కళ్లకు గంతలు, గదినిండా బెలూన్లు, తెరిచి చూస్తే మాల్దీవుల టికెట్లు! మన సంగతేమో జీతం ఒకటో తారీఖున పడితే ఐదో తారీఖుకల్లా ఇంటద్దె, బండి ఈఎంఐ, ఊరికి పంపే డబ్బులు అన్నీ పోయి బ్యాలెన్స్ బిక్కమొహం వేస్తుంది. అలాగని పుట్టినరోజుకి ఒక కేకు, ఒక బిర్యానీ, వాట్సాప్ స్టేటస్‌తో సరిపెట్టాలనీ ఉండదు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారుంది. ఒక ఊరు, రెండు పగళ్లు, రానూపోనూ రైలు. మా ఆయన పుట్టినరోజుకి నేను హైదరాబాద్ నుంచి వైజాగ్ ఇలాగే ప్లాన్ చేశాను. బడ్జెట్ ఇద్దరికీ కలిపి 12,000 రూపాయలు. మీరు విజయవాడలో ఉంటే హైదరాబాద్ రావొచ్చు, బెంగళూరులో ఉంటే మైసూరు వెళ్లొచ్చు. ఊరేదైనా పద్ధతి ఇదే.

రహస్యం ఊరికే... డబ్బుకి కాదు!

మొదటి రూల్ ఇదే. భార్యాభర్తల మధ్య సర్‌ప్రైజ్ బాగుంటుంది కానీ సర్‌ప్రైజ్ అప్పు బాగుండదు. క్రెడిట్ కార్డు గీకేసి, ఫోటోలకి లైకులొచ్చాక వచ్చే నెల బిల్లు చూపిస్తే ఆ ట్రిప్పు తీపి అంతా అక్కడితో సరి. ‘నాకోసమే కదా ఖర్చుపెట్టింది’ అని అవతలివాళ్లు పైకి ఏమీ అనలేరు, లోపల మాత్రం గుచ్చుకుంటుంది.

నేను ఆరు నెలల ముందు మొదలుపెట్టాను. నెలకి 2,000 చొప్పున వేరే ఖాతాలో వేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పాను కూడా. ‘నా సొంతానికి నెలకి రెండు వేలు పక్కన పెట్టుకుంటున్నా, ఎందుకని అడక్కు’ అన్నాను. అంతే! ఎంత పోతోందో ఆయనకి తెలుసు, ఎక్కడికి పోతోందో తెలియదు. నా లెక్కలో సర్‌ప్రైజ్ అంటే ఇంతే.

లెక్క ఇలా వేసుకున్నాను. థర్డ్ ఏసీ రైలు టికెట్లు ఇద్దరికీ రానూపోనూ 4,400. ఒక రాత్రికి హోటల్ 2,200. తిండి 2,000. ఆటోలు, క్యాబ్‌లు, బస్సులు 1,500. ఎంట్రీ టికెట్లు 500. కేకు 500. అనుకోని ఖర్చుకి 900. స్లీపర్‌లో వెళ్తే రైలు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఎక్కడ తగ్గించినా ఆ చివరి 900 మాత్రం ముట్టుకోకండి. ట్రిప్పుల్లో గొడవలన్నీ ‘ఆటోవాడు ఇంకో వంద అడుగుతున్నాడు’ దగ్గరే మొదలవుతాయి.

అరవై రోజుల ముందు...

రైల్వే రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులైంది. పుట్టినరోజు ఎప్పుడో మనకి ముందే తెలుసు కాబట్టి ఫోన్‌లో ఒక రిమైండర్ చాలు. వారాంతం టికెట్లు తొందరగా అయిపోతాయి. వెళ్లేది, వచ్చేది రెండూ కన్ఫర్మ్ అయ్యాకే హోటల్ జోలికెళ్లండి.

శుక్రవారం సాయంత్రం ఎక్కి శనివారం పొద్దున దిగడం, ఆదివారం సాయంత్రం ఎక్కి సోమవారం పొద్దున ఇల్లు చేరడం మన బడ్జెట్‌కి సరిగ్గా సరిపోతుంది. రెండు రాత్రుల నిద్ర రైల్లోనే కాబట్టి హోటల్‌కి ఒక్క రాత్రే కట్టాలి. వందేభారత్ వేగంగా వెళ్తుంది కానీ టికెట్ ఎక్కువ, పైగా పగలంతా కూర్చునే సరిపోతుంది.

మేం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈ రైలుకీ ఒక పుట్టినరోజుంది! 1974 ఫిబ్రవరి 1న మొదలైంది. 2024లో యాభై ఏళ్లు నిండినప్పుడు స్టేషన్‌లో కేకు కూడా కోశారు. ఇది నాంపల్లిలో సాయంత్రం ఐదు ప్రాంతంలోనే కదులుతుంది కాబట్టి ఆఫీసులో హాఫ్ డే పెట్టాలి. కుదరదంటే రాత్రిపూట సికింద్రాబాద్‌లో బయల్దేరే రైళ్లున్నాయి.

ఇక పండగల సంగతి. సంక్రాంతి వారంలో పుట్టినరోజు వస్తే ఓ రెండు వారాలు జరపండి. ఆ రోజుల్లో ఆంధ్రా రైళ్లలో నిలబడ్డానికి కూడా చోటుండదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, మే నెలలో ఉక్కపోత. వైజాగ్‌కి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

గుట్టు రట్టు చేసేది ఫోనే!

పాతకాలంలో గోడలకి చెవులుండేవి. ఇప్పుడు నోటిఫికేషన్లున్నాయి. మా ఐటీ వాళ్లం ‘డేటా లీక్’ అని ఆఫీసులో తెగ కంగారుపడతాం, ఇంట్లో ఎన్ని లీకులుంటాయో పట్టించుకోం. ముందు ఇవి చూసుకోండి.

జాయింట్ అకౌంట్ నుంచి టికెట్లు కొంటే ఎస్సెమ్మెస్ ఇద్దరికీ వెళ్లొచ్చు. మీ ఒక్కరి ఖాతా నుంచే కట్టండి. టికెట్ బుక్ చేసేటప్పుడు మొబైల్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి. ఇద్దరూ ఒకే మెయిల్ వాడుతుంటే దాన్ని ఈ పనికి వాడకండి.

అన్నిటికంటే ప్రమాదం హాల్లో ఉన్న టీవీ. మీ ఫోన్‌లో యూట్యూబ్, టీవీలో యూట్యూబ్ ఒకటే అకౌంట్ అయితే మీరు మధ్యాహ్నం ఆఫీసులో చూసిన ‘వైజాగ్‌లో చూడాల్సిన పది ప్రదేశాలు’ రాత్రి అన్నం తినేటప్పుడు టీవీలో వరసగా ప్రత్యక్షమవుతాయి. ఇన్‌కాగ్నిటోలో వెతకండి. టికెట్ స్క్రీన్‌షాట్ తీస్తే గూగుల్ ఫోటోస్‌లో మీరు ఆల్బమ్ షేర్ చేసుకున్నారేమో చూసుకోండి. క్యాలెండర్‌లో ఎంట్రీ పెడితే దానికి ‘డెంటిస్ట్’ అనో ‘ఆడిట్ కాల్’ అనో పేరుపెట్టండి. అవి చూసి ఎవరూ ఆసక్తిగా తెరవరు!

మనుషుల లీకు ఇంకో రకం. మా అత్తయ్యకి బయల్దేరే ముందురోజు చెప్పాను. ఆవిడ వెంటనే, “ఇప్పుడు చెప్పి మంచిపని చేశావమ్మా. నెల ముందు చెప్పుంటే నా కడుపులో ఆగేదా? వాడు ఫోన్ చేసిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చేసేది” అంది. పెద్దవాళ్లకి చెప్పాలి. పుట్టినరోజు పొద్దున్నే గుడికి తీసుకెళ్దామనో, ఇంటికి వచ్చేద్దామనో వాళ్ల ప్లాన్లు వాళ్లకుంటాయి. చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటారు. ముందురోజైతే రెండు పనులూ జరుగుతాయి.

సగం చెప్పండి, సగం దాచండి

సినిమాల్లో హీరో హీరోయిన్ మేనేజర్‌కి ఫోన్ చేసి సెలవు అడిగేస్తాడు. నిజజీవితంలో ఆ పని చెయ్యకండి. ఆ శుక్రవారమే వాళ్లకి రిలీజ్ ఉండొచ్చు, సపోర్ట్ రోస్టర్‌లో పేరుండొచ్చు. ఒకరి ఉద్యోగం, ఒకరి సెలవులు, ఒకరి ఆరోగ్యం మన సర్‌ప్రైజ్‌కి సరుకు కాదు. అందుకే నేను నెల ముందే ఆయనతో అన్నాను. ‘ఫలానా శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా నీ టైమ్ నాది. సెలవు నువ్వే పెట్టుకో. ఎక్కడికని మాత్రం అడక్కు.’ ఆయనే రోస్టర్ మార్చుకున్నాడు.

మగవాళ్లకి ఇంకో మాట. భార్యకి సర్‌ప్రైజ్ ఇస్తూ తారీఖు కూడా దాచేస్తే ఆమె పీరియడ్స్ డేట్ ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఆరోజు కడుపునొప్పితో బీచ్‌లో నవ్వుతూ ఫోటోలు దిగడం ఆమెకి బహుమతి కాదు, డ్యూటీ. తారీఖులు ఆమెనే అడిగి పెట్టండి. ఊరి పేరు దాచుకుంటే సరిపోతుంది.

సామాన్ల సంగతీ అంతే. ‘బీచ్ ఉంటుంది, కొంచెం ఎక్కుడుంటుంది, తడిసే చెప్పులు ఒక జత పెట్టుకో’ అని చెబితే చాలు. ఆధార్ కార్డు పర్సులో ఉందో లేదో చూసుకోమనండి. రైల్లో ఒక టికెట్ మీద వెళ్లేవాళ్లలో ఒకరి గుర్తింపు కార్డు సరిపోతుంది కానీ హోటల్లో ఇద్దరివీ అడుగుతారు. కార్డు మర్చిపోతే డిజిలాకర్ ఆదుకుంటుంది.

సర్‌ప్రైజ్ ఎంతసేపు దాగుతుంది అంటారా? రైలైతే ప్లాట్‌ఫాం దాకానే! బోగీ పక్కన బోర్డు మీద ఊరి పేరు ఉంటుంది, పైన మైకులో మూడు భాషల్లో చెప్తారు. ఆ ఒక్క నిమిషం ఆయన మొహం చూడ్డానికే నేను ఆరు నెలలు ఆగాను. రాత్రి పన్నెండింటికి రైల్లో కేకు, కొవ్వొత్తులు మాత్రం వద్దు. రైల్లో నిప్పు వెలిగించకూడదు, పక్కబెర్తుల వాళ్ల నిద్ర పాడుచెయ్యకూడదు. చెవిలో మెల్లగా హ్యాపీ బర్త్‌డే చెప్తే సరిపోయింది.

వైజాగ్‌లో రెండు పగళ్లు

పొద్దున ఆరింటికి దిగుతాం, హోటళ్లలో చెక్-ఇన్ పన్నెండింటికి. ఇక్కడే చాలామందికి ఖర్చు పెరుగుతుంది. 24 గంటల చెక్-ఇన్ ఉన్న హోటల్ వెతకండి, ఆంధ్రా ఊళ్లలో అలాంటివి బాగానే దొరుకుతాయి. బుక్ చేశాక ఒకసారి ఫోన్ చేసి ‘ఆరున్నరకి వస్తాం’ అని ఖాయం చేసుకోండి. లేదంటే స్టేషన్‌లోనే రైల్వే రిటైరింగ్ రూమ్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు.

మొదటి రోజు ఆర్కే బీచ్ చుట్టూ సరిపోతుంది. ఆర్కే అంటే రామకృష్ణ, అక్కడున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిన పేరు. కురుసుర జలాంతర్గామి తప్పకుండా చూడాలి. సోవియట్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరైంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు. లోపల ఆ సన్నటి దారి, పడుకునే బల్లలు చూశాక మన వన్ బీహెచ్‌కే ప్యాలెస్‌లా అనిపిస్తుంది. సోమవారం సెలవు. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం. సాయంత్రం కైలాసగిరి రోప్‌వే ఎక్కితే సముద్రం ఒడ్డు మొత్తం వంపు తిరిగి కనిపిస్తుంది. దిగాక బీచ్ రోడ్డు మీద మూరీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు. కేకు ఊళ్లోనే ఒక బేకరీకి ముందే ఫోన్ చేసి చెప్పాను, హోటల్ గదికి తెచ్చిచ్చారు.

రెండో రోజు భీమిలి దారి. సముద్రం పక్కనే పాతిక కిలోమీటర్లు. మధ్యలో రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇంకా ముందుకెళ్తే తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం, కొండమీద నిశ్శబ్దం, కింద సముద్రం. చివర భీమిలిలో డచ్‌వాళ్ల పాత సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. క్యాబ్ బదులు 900కె సిటీబస్సు ఎక్కితే చాలా మిగులుతుంది. ఆధార్‌లో ఏపీ చిరునామా ఉన్న మహిళలకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీబస్సుల్లో టికెట్ లేదు. నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామానే ఉంది. “నీకు ఫ్రీ, బర్త్‌డే నాకు టికెట్టా!” అని మా ఆయన ఒకటే నవ్వు.

రెండు హెచ్చరికలు. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, పాదాలు తడుపుకుని వచ్చెయ్యండి. రెండోది, అరకు. ఊరి నుంచి 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. ‘ఎలాగూ వచ్చాంగా’ అని దాన్ని కూడా ఇరికిస్తే రెండు రోజులూ బండిలోనే గడిచిపోతాయి. దాన్ని ఇంకో పుట్టినరోజుకి దాచుకోండి.

ఇంటికొచ్చాక...

ట్రిప్పు ముందు రాత్రి సింకు నిండా గిన్నెలు, సోమవారం పొద్దున తలుపు తీయగానే ఖాళీ ఫ్రిజ్, బకెట్ నిండా ఇసుక బట్టలు. సర్‌ప్రైజ్ అందుకున్న మనిషే ఇవన్నీ చేసుకోవాల్సి వస్తే ఆ రెండు రోజుల విశ్రాంతి రెండు గంటల్లో ఆవిరైపోతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లకి ఇది బాగా తెలుసు. అందుకే ప్లాన్ చేసేవాళ్లే బయల్దేరే ముందు ఇల్లు సర్దాలి, పాలు, పెరుగు, దోసెల పిండి సోమవారం పొద్దున డెలివరీకి పెట్టాలి. దీనికి 200 దాటదు. ట్రిప్పు మొత్తంలో అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ గుర్తుండేది ఇదే.

మాకు చివరికి 640 రూపాయలు మిగిలాయి. వాటిలో అత్తయ్యకి మాడుగుల హల్వా కొన్నాం. మిగతాది అదే ఖాతాలో ఉంచాను. ఈ మధ్య దాంట్లో నెలకి రెండు వేలు ఆయన వేస్తున్నాడు. ఎందుకని నేనూ అడగడం లేదు.