కట్టుడు పళ్ల లోహానికి ఫ్లోరైడు చేటా?



ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో చింతపండు చారు నిలవ ఉంచకూడదని కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. పులుపు తగిలితే చిలుము పడుతుంది. అదే చారు ఎవర్‌సిల్వర్ గిన్నెలో ఉంచితే ఏమీ కాదు. కారణం అందులోని క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలుచని పొరగా లోహాన్ని కప్పేస్తుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది.

తీసి పెట్టుకునే కట్టుడు పళ్లకూ ఇదే సూత్రం. కొన్ని పళ్లు మాత్రమే ఊడినవారికి చేసే సెట్టులో లోహపు చట్రం, మిగిలిన పళ్లను పట్టుకునే కొక్కేలు ఉంటాయి. వీటిని ఎక్కువగా కోబాల్టు, క్రోమియం కలిపిన లోహంతో, కొన్నిచోట్ల టైటానియంతో చేస్తారు. రెండింటికీ రక్ష ఆ పలుచని పొరే.

కొక్కెం పట్టిన పంటి చుట్టూ తిండి చిక్కుకుంటుంది. పన్ను పుచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ పన్ను పోతే సెట్టుకు ఆధారమే పోతుంది. అందుకే వైద్యులు ఫ్లోరైడు వాడమంటారు. ధర్మపురి, నల్గొండ జిల్లాల బావి నీళ్లలో మోతాదు మించి పళ్లకు మచ్చలు తెచ్చిన ఫ్లోరైడే, తగు మోతాదులో పంటిని గట్టిపరుస్తుంది. పేస్టు, జెల్ ఉన్నాయి. పుచ్చు పూడ్చే గ్లాస్ అయనోమర్ సిమెంటు కూడా ఫ్లోరైడును కొద్దికొద్దిగా వదులుతుంది. నెలల తరబడి ఫ్లోరైడు వదిలేలా పంటికి అతికించే చిన్న గాజు బిళ్లలనూ పరిశోధకులు తయారుచేశారు.

మరి ఇది లోహాన్ని తినదా? అక్కడ కూడా అసలు సంగతి పులుపుదే. సిమెంటు, గాజు బిళ్ల వదిలే ఫ్లోరైడు అతి స్వల్పం. మామూలు లాలాజలంలో అంత తక్కువ ఫ్లోరైడుతో పొరకు చెప్పుకోదగిన హాని ఉండదు. ఎక్కువ ఫ్లోరైడుకు ఆమ్లం తోడైతే మాత్రం కొంత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది ముఖ్యంగా టైటానియం పొరను కరిగిస్తుంది. లోహం మెరుపు తగ్గి, రంగు మారి, గరుకెక్కుతుంది. గరుకు చోట పాచి చేరుతుంది.

మామూలు పేస్టులో పది లక్షల పాళ్లకు సుమారు 1,000 పాళ్లు ఫ్లోరైడు ఉంటుంది. దంతవైద్యులు పూసే ఆమ్ల జెల్‌లో సుమారు 12,300 పాళ్లు ఉంటుంది, పులుపు కూడా ఎక్కువే.

కనుక జెల్ పూయించుకునే ముందు సెట్టు తీసి పక్కన పెట్టండి. తర్వాత కనీసం అరగంట ఆగి పెట్టుకోండి. తీయడానికి వీలులేని టైటానియం నోట్లో ఉంటే వైద్యుడికి ముందే చెప్పండి. ఆమ్లం లేని జెల్ కూడా దొరుకుతుంది. సెట్టును పేస్టుతో కాక, బయట మెత్తని బ్రష్షుతో, సబ్బునీళ్లతో కడగండి. బ్లీచింగు నీళ్లలో నానబెట్టవద్దు, అది లోహాన్ని తింటుంది.

లోహం చెడుతుందన్న భయంతో ఫ్లోరైడు మానేయడం మాత్రం తగదు. కొక్కెం పాడైతే మళ్లీ చేయించుకోవచ్చు. దాన్ని మోసే సొంత పన్ను పోతే తిరిగి మొలవదు.