పాలకూర పొరల స్పనాకోపిటా

స్పనాకోపిటా గ్రీసు దేశపు పాలకూర 'పై'. ఫీలో అనే పల్చటి మైదా రేకుల మధ్య పాలకూర, ఫెటా చీజ్, ఉల్లికాడలు, సోయకూర పరిచి ఓవెన్‌లో కాలుస్తారు. ఏథెన్స్ బేకరీల్లో ఇది పొద్దుటిపూట చేతిలో పట్టుకుని తినే పలహారం. ఇళ్లలోనైతే పెద్ద పళ్లెంలో చేసి చదరాలుగా కోస్తారు. ఇలాంటి వంటకాలకు పెట్టింది పేరు వాయవ్య గ్రీసులోని ఎపిరస్ కొండసీమ. అక్కడ పాలకూరే కావాలన్న పట్టింపు లేదు, ఆ రోజు కొండమీద దొరికిన ఆకుకూరలన్నీ కలిపేస్తారు. ఓవెన్లు లేని రోజుల్లో పళ్లెం మీద లోహపు మూత బోర్లించి, దానిపై నిప్పులు పోసి కాల్చేవారు.

దీని రుచి చెడేది చాలావరకు తడివల్లే. పాలకూర బరువులో 90 శాతానికి పైగా నీరు ఉంటుంది. ఆ నీరు లోపలే ఉండిపోతే అడుగు రేకులు ముద్దయిపోతాయి. అందుకే కిలో పాలకూర కడిగి, తరిగి, కాస్త ఉప్పు చల్లి అరగంట ఉంచి, పిడికిళ్లతో గట్టిగా పిండాలి. ఆకుపచ్చటి నీరు ధారగా కారి, ఆగి, చివరికి చుక్కలు కూడా రాలకుండా పోవాలి. గంపెడు కూర గుప్పిళ్లలోకి వస్తుంది. ఇందులో 250 గ్రాముల ఫెటా చిదిమి వేసి, ఉల్లికాడలు, మిరియాల పొడి, సోయకూర కలపాలి. సోయకూర దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, ఈ వంటకానికి ఆ వాసనే ప్రాణం. ఫెటాలోనే ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి మళ్లీ వేయనక్కర్లేదు.

కూర విడిపోకుండా గ్రీసులో రెండు గుడ్లు కొట్టి కలుపుతారు. గుడ్డు తిననివారు రెండు చెంచాల బొంబాయి రవ్వ వేసుకుంటే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. ఇది మనవాళ్ల సర్దుబాటేమీ కాదు. ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో గ్రీకు క్రైస్తవులు గుడ్లు, పాల పదార్థాలు మానేస్తారు. అప్పుడు చీజ్ కూడా లేకుండా, ఆకుకూరలు, ఆలివ్ నూనెతోనే దీన్ని చేస్తారు.

ఐరోపా చట్టం ప్రకారం 2002 నుంచి గ్రీసులో నిర్ణీత ప్రాంతాల్లో తయారైనదానికే ఫెటా పేరు చెల్లుతుంది. గొర్రెపాలతో చేస్తారు, మేకపాలు 30 శాతం దాకా కలపవచ్చు. పాలు విరవడానికి సంప్రదాయంగా వాడే రెన్నెట్ జంతువుల నుంచి వచ్చేది. కచ్చితమైన శాకాహారులు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి. దొరక్కపోతే పనీర్ చిదిమి, ఉప్పు, నిమ్మరసం, నీరు వడకట్టిన గట్టి పెరుగు కలుపుకోవచ్చు. ఫెటా పులుపు పూర్తిగా రాదు కానీ తినడానికి బాగానే ఉంటుంది.

ఫ్రీజర్‌లోని ఫీలో ప్యాకెట్‌ను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చాలి. విప్పాక గాలి తగిలితే నిమిషాల్లో పెళుసెక్కుతుంది కాబట్టి, ఒక్కో రేకు తీస్తూ మిగతావాటిపై తడిగుడ్డ కప్పి ఉంచాలి. 20×30 సెంటీమీటర్ల పళ్లానికి నూనె రాసి, ప్రతి రేకుకూ ఆలివ్ నూనె పూస్తూ ఆరు పరిచి, కూర సర్ది, పైన మరో ఆరు కప్పాలి. మడత కాజాలో పొరలు విడివడినట్టే ఇక్కడా రేకుల మధ్య నూనె వాటిని అంటుకోనివ్వదు. రేకులు ఇంట్లోనే చేసుకోవాలంటే మైదాలో ఉప్పు, చెంచా నూనె, చెంచా వెనిగర్, గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తగా కలిపి, గంట నాననిచ్చి, అప్పడాల కర్రతో వీలైనంత పల్చగా వత్తాలి. ఇవి కొన్నవాటికంటే మందంగా వస్తాయి కాబట్టి కింద రెండు, పైన రెండు చాలు.

కాల్చకముందే పై రేకులకు మాత్రం చాకుతో చదరాలుగా గాట్లు పెట్టాలి. ఆవిరి అందులోంచి పోతుంది, కాలాక కోస్తే రేకులు చిట్లిపోతాయి. ముందుగా వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. ఓటీజీ అయితే పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వేసి పళ్లెం కింది అరలో పెట్టాలి. గాజు పాత్రకంటే పల్చటి లోహపు పళ్లెంలో అడుగు బాగా కాలుతుంది. పైన బంగారు రంగు రాగానే తీసేయకుండా, ఓ మూల ఎత్తి అడుగు కూడా ఎర్రబడిందో లేదో చూడాలి.

తీశాక ఇరవై నిమిషాలు ఆగి కోయాలి. వేడిమీద మూత పెడితే ఆవిరికి కరకర పోతుంది. మిగిలిన ముక్కలను మర్నాడు మైక్రోవేవ్‌లో కాకుండా ఓవెన్‌లోనో, నూనె వేయని పెనంమీద సన్నసెగనో వేడిచేసుకోవాలి.