క్యాలెండర్ మీది పెన్సిలు గీతలు

కురుడుమలె నుంచి పది కిలోమీటర్లు ముళబాగిలుకు వచ్చి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి మిల్లుకు పోతాను. ఆఫీసులో నాది హాజరు రాసే పని. నలభై మంది షిఫ్టులు, ఓవర్‌టైము గంటలు ఒకే ఎక్సెల్ ఫైలులో ఎక్కిస్తాను. సాయంత్రం బయలుదేరే ముందు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. అదీ నా పనే.

రెండేండ్ల కింద ఒక వానాకాలం రాత్రంతా కరెంటు వస్తా పోతా ఉండింది. పొద్దున కంప్యూటరు లేవలేదు. హార్డ్ డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్ చూసుకుంటే చివరి కాపీ 19 దినాల నాటిది. బస్సు తప్పిపోతుందని ఒకరోజు, పండగని ఒకరోజు, రేపు చేద్దాంలే అని మిగతా రోజులు. జీతాలకు ఇంక నాలుగు దినాలే ఉంది.

షిఫ్టు హాజరు గేటు పుస్తకంలో దొరికింది. ఓవర్‌టైము ఎక్కడా దొరకలేదు. కోన్ల సెక్షన్‌లో పనిచేసే ఒక అక్క ఇంటి గోడ మీది క్యాలెండర్‌నే చుట్టుకొని తెచ్చింది. ఎక్కువసేపు పనిచేసిన ప్రతి తేదీ మీద పెన్సిలుతో గంటలు వేసుంది. "పాల లెక్కతో పాటు ఇదీ రాసుకుంటానమ్మా" అనింది. ఆమెకూ, అట్లా రాసుకున్న ఇంకో ఆరుమందికీ పూర్తి డబ్బు వచ్చింది. మిగతావాళ్లు గుర్తున్నంత చెప్పుకుంటే ఆఫీసు సగానికే ఒప్పుకుంది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు.

"దినమూ ఒకే టైముకు చేసే పనిని మీరెందుకు గుర్తు పెట్టుకోవాలక్కా? విండోస్‌లోనే టాస్క్ షెడ్యూలర్ ఉంది కదా" అన్నాడు కంప్యూటరు బాగు చేయడానికి వచ్చిన పిల్లోడు. మా తాత కేజీఎఫ్ గనిలో పనిచేసినవాడు. సైరన్ కూస్తే షిఫ్టు, ఇంట్లో గడియారంతో పనే లేదు అని అమ్మ చెప్తుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినాయి. అట్లాంటి సైరనే కంప్యూటరు లోపల ఉంటే, నాకు ఇన్నేండ్లు తెలియలేదు. కొత్తదీ కాదంట. యునిక్స్ యంత్రాల్లో 1970లలోనే 'క్రాన్' అనే పేరుతో ఇదే పని జరిగేది.

స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని వెతికితే వస్తుంది. కుడిపక్కన 'క్రియేట్ టాస్క్' నొక్కాలి. ట్రిగ్గర్స్‌లో ఎప్పుడో చెప్పాలి. నేను దినమూ సాయంత్రం 5 గంటలు పెట్టినాను. యాక్షన్స్‌లో ఏం చేయాలో చెప్పాలి. ప్రోగ్రామ్ గడిలో రోబోకాపీ అని, కింది గడిలో మొదట ఫైలున్న ఫోల్డరు దారి, ఒక ఖాళీ వదిలి పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డరు దారి. రోబోకాపీ విండోస్‌తోనే వస్తుంది, కొత్తగా మారిన ఫైళ్లను మాత్రమే మోస్తుంది.

అయిపోయిందనుకుంటే ఎట్లా! మన ఊళ్ల కరెంటు సంగతి తెలిసిందే కదా. 5 గంటలకు కంప్యూటరు ఆరిపోయి ఉంటే పని జరగదు. అందుకే సెట్టింగ్స్‌లో, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా చేయమనే గడికి టిక్కు పెట్టాలి. అది ముందుగా పెట్టి ఉండదు. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్‌లో, కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు అనే టిక్కు ముందే ఉంటుంది, తీసేయండి. పెన్‌డ్రైవ్ అక్షరం మారినా కాపీ ఆగుతుంది. నాకు ఒక వారం అట్లనే ఆగింది.

'లాస్ట్ రన్ రిజల్ట్' కింద ఏముందో చూడటం మరవొద్దు. మామూలుగా సున్నా వస్తే పని సరిగా అయినట్టు. రోబోకాపీ మాత్రం ఫైళ్లు కాపీ చేస్తే 1 చూపిస్తుంది. అది తప్పు కాదు. తెలియక మొదటి రోజు నేను పనంతా చెరిపి మళ్లీ చేసినాను.

ఇంకో భయం ఉంది. నేను ఫైలును పాడు చేస్తే, ఆ పాడైన ఫైలే పోయి మంచిదాని మీద కూర్చుంటుంది. దానికని శనివారానికి వేరే ఫోల్డరుతో ఇంకో పని పెట్టినాను. నెలకోసారి మరో పెన్‌డ్రైవ్‌లోకి చేత్తోనే కాపీ చేసి బీరువాలో పెడతాను. దేన్నీ గుడ్డిగా నమ్మే ధైర్యం లేదిప్పుడు.

కోన్ల సెక్షన్ అక్క ఇప్పటికీ క్యాలెండర్ మీద రాస్తానే ఉంది. నెలాఖరున ఇద్దరం కూర్చొని సరిచూసుకుంటాం. పోయిన నెల ఒక గంట తేడా వచ్చింది. పెన్‌డ్రైవ్‌లోని కాపీ తీస్తే అందులోనూ నా అంకే ఉంది. గేటు పుస్తకం తెరిచినాం. ఆమె గీతే సరి.