పసిగుండెకు ఆపరేషన్: దాపరికం పనికిరాదు

(గ్రామీణ విలేకరి)

పుట్టే ప్రతి నూరుమంది బిడ్డలలో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కొందరికి అది దానంతటదే సర్దుకుంటుంది. కొందరికి మందులు చాలు. మరికొందరికి ఆపరేషన్ తప్పదు. పల్లెల్లో దీనిని "గుండెకు చిల్లు పడింది" అంటారు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. బిడ్డకు చెప్పరు. ఇరుగుపొరుగుకు చెప్పరు. డాక్టరు అన్న మాటలు భర్త భార్యకు పూర్తిగా చెప్పడు. ఆడపిల్ల అయితే కొన్ని ఇళ్ళలో డాక్టరుకే చూపించరు. జబ్బు చేసే కీడుకు ఈ దాపరికం చేసే కీడు తోడవుతున్నది.

మదనపల్లె వైపు ఒక పల్లెలో టమాటా పండించే కౌలురైతు దంపతులు తమ నాలుగేళ్ళ కూతురికి తిరుపతిలో గుండె ఆపరేషన్ చేయించి తెచ్చుకున్నారు. పాప ఇప్పుడు మళ్ళీ అంగన్‌వాడీకి పోతున్నది. తమ పేర్లు మాత్రం రాయవద్దని, తాము పడిన పాట్లు పదిమందికి తెలిస్తే మేలేనని వారు ఈ విలేకరితో అన్నారు.

దిష్టి అనుకున్నారు

"పాలు తాగతా తాగతా చెమటలు కారిపోయేవి సార్. రెండు గుక్కలు తాగి ఆయాసపడి వదిలేసేది. ఎండాకాలం గదా అనుకుంటిమి" అని తల్లి చెప్పింది. ఒకే ఏడాదిలో నాలుగుసార్లు నెమ్ము చేసింది. నెమ్ము చేసినప్పుడల్లా ఊళ్ళో సూదులు వేయించారు. డొక్కలు ఎగరేస్తుంటే దిష్టి తగిలిందన్నారు ఒకరు. తాయెత్తు కట్టించమన్నారు మరొకరు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగిందని అత్తగారు కోడలినే తప్పుపట్టింది.

గ్రహణానికీ ఈ లోపానికీ ఏ సంబంధమూ లేదు. గర్భంలో మొదటి రెండు నెలల్లోనే బిడ్డ గుండె రూపు కడుతుంది. లోపం ఏర్పడేది అప్పుడే. అప్పటికి చాలామంది ఆడవారికి తాము గర్భవతులమన్న సంగతి కూడా సరిగా తెలియదు. మేనరికాలలోనూ, గర్భిణికి చక్కెర జబ్బు అదుపులో లేనప్పుడూ, తొలి నెలల్లో రుబెల్లా జ్వరం సోకినప్పుడూ ముప్పు కొంత ఎక్కువ. అయితే చాలామంది బిడ్డల విషయంలో ఇదీ కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. కాబట్టి తల్లిని నిందించి లాభం లేదు. పైగా నింద పడిన తల్లి బిడ్డ జబ్బు సంగతి బయటికి చెప్పడానికే భయపడుతుంది.

ఈ పాప జబ్బు బయటపడింది అంగన్‌వాడీలో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. అలా వచ్చిన డాక్టరు పాప రొమ్ముపై స్టెతస్కోపు పెట్టి, గుండె చప్పుడులో తేడా ఉందని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. అక్కడ ఎకో పరీక్షలో గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉన్నట్టు తేలింది.

తల్లులు ఇంటి దగ్గరే కనిపెట్టగల గుర్తులు కొన్ని ఉన్నాయి. పాలు తాగేటప్పుడు నుదుట చెమట పట్టడం, ఆగి ఆగి తాగడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నెమ్ము చేయడం, పడుకున్నా డొక్కలు ఎగరేయడం, పెదవులు, నాలుక, గోళ్ళు నీలంగా మారడం. నీలంగా మారే బిడ్డలు కొందరు నాలుగడుగులు పరుగెత్తి గొంతుక్కూర్చుంటారు. ఏడ్చి ఏడ్చి బిడ్డ ఒక్కసారిగా నీలమైపోతే, మోకాళ్ళు రొమ్ముకు ఆనేలా ముడిచి పట్టుకుని వెంటనే 108కి ఫోను చేయాలి.

కాలువకు గండి పడితే

"చిన్నబిడ్డ గదా, కొంచెం పెద్దదైనాక చూద్దాం" అని ఈ ఇంట్లో కూడా అన్నారు. కాలువ గట్టుకు గండి పడితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. ఒళ్ళంతటికీ పోవలసిన రక్తంలో కొంత ఈ గండి గుండా అడ్డదారి పట్టి మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చిన్న చిల్లులు కొన్ని వాటంతటవే పూడిపోతాయి. పెద్దవి పూడవు. ఏళ్ళ తరబడి రక్తం అలా ఒత్తిడితో పారితే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోతాయి. ఆ దశ దాటితే గండి పూడ్చినా ఫలితం ఉండదు సరికదా, పూడ్చడమే ప్రాణానికి ముప్పు. అప్పుడు ఎంత డబ్బున్నా డాక్టర్లు ఆపరేషన్ చేయలేరు. ఏ బిడ్డకు ఎప్పుడు చేయాలన్నది డాక్టరు చెప్పాలి. ఇంట్లో వాయిదా వేయకూడదు.

పాప నాయనమ్మకు మరో భయం పట్టుకుంది. "రొమ్ము మీద కోత పడితే రేపు పెండ్లి ఎట్ల?" అని ఆమె పట్టుబట్టింది. "బిడ్డ ఉంటే గదమ్మా పెండ్లి" అన్నాడు కొడుకు. ఆ తర్వాత ఆమె నోరెత్తలేదు. మగబిడ్డ అయితే అప్పుచేసైనా పరుగెత్తేవారు ఆడబిడ్డ అయితే ఆగి ఆలోచించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. కోత మచ్చ రవిక కింద దాగిపోతుంది. కొన్ని రకాల రంధ్రాలకైతే రొమ్ము కోయకుండానే, తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి బిళ్ళతో మూసే పద్ధతి కూడా ఉంది. బిడ్డకు ఏది తగునో ఎకో చూసి డాక్టరు చెబుతారు.

డబ్బు మాట

ఒకప్పుడు ఈ ఆపరేషన్ పేదలకు అందని పండు. 1991లో పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రి తెరిచాక ఉచితంగా గుండె ఆపరేషన్లు జరిగే చోటు మన సీమకు దొరికింది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్నది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లు ఈ పథకాల్లో ఉన్నాయి. తిరుపతిలో పిల్లల గుండె జబ్బులకే ప్రత్యేకంగా తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో శ్రీ పద్మావతి హృదయాలయాన్ని ప్రారంభించింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బిడ్డ పాత చీటీలు, పరీక్షల కాగితాలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని పోతే, పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దారి చూపుతారు.

ఆపరేషన్ ఉచితమైనా ఇంటి ఖర్చులు ఆగవు. బస్సు ఛార్జీలు, తిండి, పోయిన కూలి ఎలాగూ ఉంటాయి. ఈ దంపతులకు ఆపరేషన్ తేదీ టమాటా కోతల్లో పడింది. తండ్రి సంగతి దాచకుండా ఊళ్ళో చెప్పాడు. బావమరిది వచ్చి కోతలు చూసుకున్నాడు. రక్తం కావాలంటే ఊరి నుంచి నలుగురు కుర్రవాళ్ళు బస్సెక్కి వచ్చారు. "చెప్పకుండా ఉంటే ఎవరొస్తారు సార్? వాళ్ళకెట్ల తెలస్తాది?" అన్నాడాయన.

బిడ్డకు అబద్ధం చెప్పవద్దు

"తిరుపతికి పోతాం, బొమ్మలు కొనిస్తా" అని పాపను బయలుదేరదీశారు. ఆసుపత్రిలో సూది చూడగానే పాప తండ్రిని నమ్మడం మానేసింది. ఎత్తుకోబోతే తోసేసింది. వార్డులో నర్సు ఒకామె తల్లిదండ్రులను పక్కకు పిలిచి మెత్తగా మందలించింది. ఆనాటి నుంచి వారు పద్ధతి మార్చుకున్నారు.

"అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా" అని బెదిరించడం మన ఇళ్ళలో మామూలు. అలా పెరిగిన బిడ్డ ఆసుపత్రిలో పడగానే తాను చేసిన తప్పుకు ఇది శిక్ష అనుకుంటుంది. అందుకే మొదట చెప్పవలసిన మాట "నీ తప్పేమీ లేదు" అన్నది. మూడు నాలుగేళ్ళ బిడ్డకు ఒకటి రెండు రోజుల ముందు, బడికి పోయే బిడ్డకు వారం ముందు, తెలిసే మాటల్లో చెప్పాలి. నీ గుండెలో చిన్న చిల్లు ఉంది, డాక్టరు దానిని మూస్తారు, అప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు, నొప్పి తెలియదు, లేచాక కొంచెం నొప్పిగా ఉంటుంది, దానికి మందు ఇస్తారు, మేము ఇక్కడే ఉంటాం. ఇంతే చాలు. "నొప్పే ఉండదు" అనకూడదు. బిడ్డకు అలవాటైన బొమ్మో, అమ్మ పాతచీర ముక్కో దగ్గర ఉంచవచ్చునేమో నర్సును అడగాలి.

డాక్టరు దగ్గరా దాపరికం ఉండకూడదు. ఆపరేషన్ ముందు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే చెప్పాలి. తేదీ వాయిదా పడుతుందని దాచితే బిడ్డకే ప్రమాదం. పుచ్చిన పళ్ళుంటే ముందే చూపించాలి. పంటిలోని క్రిములు రక్తంలో కలిసి గుండెకు చేరతాయి. నాటుమందు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి. చెప్పిన వేళ తర్వాత ఆకలని ఏడ్చినా పాలు, బిస్కెట్లు పెట్టకూడదు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తలుపు ఇవతల

రొమ్ము ఎముక మధ్యగా కోసి, గుండెను కొద్దిసేపు ఆపి, ఆ పని యంత్రానికి అప్పగించి రంధ్రం పూడుస్తారు. ఈ యంత్రం ఇంకా సరిగా చేతికందని కాలంలో, 1954లో, అమెరికాలోని మినియాపొలిస్‌లో లిల్లెహై అనే సర్జన్ తల్లినో తండ్రినో బిడ్డ పక్క బల్లపై పడుకోబెట్టి, వారి రక్తనాళాలకు బిడ్డ రక్తనాళాలను గొట్టాలతో కలిపి ఆపరేషన్ చేశాడు. పెద్దవారి గుండే ఇద్దరికీ కొట్టుకునేది. అలా చేసిన 45 మందిలో 28 మంది ఇళ్ళకు చేరారు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తున్నది. తల్లిదండ్రులకు మిగిలింది తలుపు ఇవతల కూర్చోవడం.

అది తక్కువ పని కాదు. సంతకం పెట్టేముందు డాక్టరు ముప్పులన్నీ చెబుతారు. తండ్రి అవన్నీ విని, భార్యకు "ఏమీ లేదంట" అన్నాడు. రాత్రి వార్డు బయట ఒంటరిగా ఏడ్చాడు. భార్య చూసింది. "నాకు చెప్తే ఇద్దరం ఏడ్చేవాళ్ళం గదా" అన్నది. మరునాడు ఇద్దరూ కలిసి డాక్టరును మళ్ళీ అడిగి అన్నీ తెలుసుకున్నారు.

ఆపరేషన్ తర్వాత ఐసీయూలో బిడ్డను చూసి చాలామంది తల్లులు కళ్ళు తిరిగి పడిపోతారు. నోట్లో శ్వాసగొట్టం, మెడ దగ్గర సూదులు, పక్కటెముకల కింద నీరు తీసే గొట్టం, వాచిన ముఖం, మోగే యంత్రాలు. ఇవన్నీ ఉంటాయని ముందే అడిగి తెలుసుకుంటే సగం భయం తీరుతుంది. గొట్టం ఉన్నంతసేపు బిడ్డకు గొంతు పెగలదు. చేతులు సబ్బుతో కడుక్కుని, నర్సు అనుమతితో బిడ్డ చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలవాలి.

ఇంటికి వచ్చాక

కోసిన ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చంకల్లో చేతులు పెట్టిగానీ, రెట్టలు పట్టిగానీ బిడ్డను లేపకూడదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి వీపు వెనుక పెట్టి ఎత్తుకోవాలి. చూడవచ్చిన చుట్టాలకూ ఈ మాట చెప్పాలి. కుట్లపై పసుపు, నూనె, ఆకు పసరు ఏదీ రాయకూడదు. కుట్లు ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, ఆయాసం తిరగబెట్టినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మందులు బిడ్డ బరువును బట్టి రాస్తారు. బిడ్డ హుషారుగా ఉందని మధ్యలో మానేయకూడదు.

పాప ఇంటికి వచ్చాక నెలరోజులు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది. మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలైంది. తల్లి కొంగు వదిలేది కాదు. ఇది మామూలే. తిట్టకుండా ఓపిక పడితే క్రమంగా తగ్గుతుంది. ఇంట్లో ఉన్న పెద్దబిడ్డను కూడా మరువకూడదు. ఈ ఇంట్లో ఏడేళ్ళ అన్న, చెల్లెలిని తాను కొట్టినందువల్లే గుండె చెడిందని అన్నాళ్ళూ లోలోపల కుమిలిపోయాడు. ఎవరూ వాడికి ఏమీ చెప్పకపోవడమే కారణం.

డాక్టరు సరేనన్నాక బిడ్డను ఆడనివ్వాలి. ఇలాంటి రంధ్రం సకాలంలో పూడ్చిన బిడ్డలు చాలామంది అందరిలాగే చదువుతారు, పరుగెత్తుతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. నీలంగా మారే జబ్బుకు ఆపరేషన్ అయినవారు మాత్రం పెద్దయ్యాక కూడా డాక్టరుకు చూపించుకుంటూనే ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు, బడిలో అయ్యవారికి ఆపరేషన్ సంగతి చెప్పి ఉంచాలి. పళ్ళు తీయించవలసి వస్తే పళ్ళ డాక్టరుకు ముందే చెప్పాలి. ఆసుపత్రి కాగితాలు భద్రంగా దాచుకోవాలి. ఈ వ్యవహారం మొత్తంలో దాచవలసినవి ఆ కాగితాలు ఒక్కటే.