క్రెడిట్ కార్డు పాయింట్లతో ఫ్యామిలీ ట్రిప్.. నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి బెంగళూరు వెళ్లాలంటే అసలు లెక్క ఇదీ!

"పాయింట్లతో ఫ్రీగా టూర్ వెళ్లొచ్చాం" అంటూ రీల్స్ తెగ తిరుగుతున్నాయి. అవి చూసి కార్డు తీసుకుందామా అని నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలోనూ చాలామంది ఆలోచిస్తున్నారు. మరి నెలకు 20 వేలు కార్డు మీద ఖర్చు పెట్టే కుటుంబానికి నిజంగా ఎంత మిగులుతుంది? లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది.

ముందుగా పాయింట్ విలువ తెలియాలి. బ్యాంకు "10 వేల పాయింట్లు" అంటే 10 వేల రూపాయలు కాదు. చాలా మామూలు కార్డుల్లో ఒక పాయింట్ విలువ 20 నుంచి 25 పైసలే. ఉదాహరణకు ప్రతి 100 రూపాయలకు 2 పాయింట్లు, పాయింట్‌కు 25 పైసలు అనుకుందాం. నెలకు 20 వేల చొప్పున ఏడాదికి 2 లక్షల 40 వేలు ఖర్చయితే 4,800 పాయింట్లు వస్తాయి. డబ్బుల్లో చూస్తే 1,200 రూపాయలు. నలుగురి టూర్‌కు ఇది ఏ మూలకూ చాలదు. ఫ్రీ టూర్ అని చెప్పేవాళ్లలో చాలామంది నెలకు లక్షల్లో ఖర్చు పెట్టేవాళ్లు, ఎక్కువ ఫీజున్న కార్డులు వాడేవాళ్లు. ఆ ముక్క మాత్రం వీడియోలో చెప్పరు.

అయితే మన ప్రాంతం వాళ్లకు రైలు లెక్క కాస్త కలిసొస్తుంది. ఆళ్లగడ్డకు రైల్వే స్టేషన్ లేదు. జాతీయ రహదారి 40 మీద బస్సులోనో కారులోనో నంద్యాల చేరుకుంటే అక్కడి నుంచి బెంగళూరు వైపు ప్రశాంతి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి. రైలు ప్రయాణాల కోసమే ఐఆర్‌సీటీసీ, ఎస్‌బీఐ కలిసి కార్డు ఇస్తున్నాయి. ఇందులో ఒక పాయింట్ అంటే ఒక రూపాయి. ప్లాటినం కార్డులో మామూలు ఖర్చుల మీద 125 రూపాయలకు 1 పాయింట్, ఐఆర్‌సీటీసీలో ఏసీ టికెట్ బుక్ చేస్తే ఛార్జీలో 10 శాతం వరకు పాయింట్లు ఇస్తామని కార్డు కంపెనీ చెబుతోంది. ఈ 10 శాతం స్లీపర్‌కు రాదు. మొదటి ఏడాది ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 590.

ఇప్పుడు అదే 2 లక్షల 40 వేల ఖర్చు మీద 1,920 పాయింట్లు. ఏసీ టికెట్లకు రానూపోనూ 8 వేలు అయిందనుకుంటే ఇంకో 800. మొత్తం 2,720 రూపాయలు. ఫీజు తీసేస్తే మిగిలేది 2,130. టూర్ మొత్తం ఫ్రీ కాదు కానీ, వచ్చే ఏడాది టికెట్ల ఖర్చులో నాలుగో వంతు తగ్గినట్టే. కార్డును టికెట్లకు మాత్రమే, అదీ ఏడాదికి ఒక్కసారే వాడేవాళ్లకు మిగిలేది 210 రూపాయలు! దానికోసం కార్డు తీసుకోవడం దండగ. ఈ రూల్స్‌ను బ్యాంకులు తరచూ మారుస్తుంటాయి కాబట్టి అప్లై చేసే రోజున మళ్లీ చూసుకోవాలి.

విమానం సంగతేంటి? ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్టు నంద్యాల-కర్నూలు దారిలోనే ఉంది. 2021 మార్చిలో ఇక్కడి నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖకు ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. తర్వాత షెడ్యూళ్లు మారుతూ వచ్చాయి. కాబట్టి ముందు సర్వీసు ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే పాయింట్లు మార్చుకోవాలి. చాలా కార్డుల్లో ఫ్లైట్, హోటల్‌కు పాయింట్లు వాడితే బిల్లు మొత్తం కట్టనివ్వరు, కొంత శాతం వరకే ఒప్పుకుంటారు. మిగతాది జేబులోంచే.

పాయింట్లు ఎక్కడ రావు అన్నది ఇంకా ముఖ్యం. పెట్రోల్, ఇంటి అద్దె, వాలెట్ లోడింగ్‌కు చాలా కార్డుల్లో పాయింట్లు ఇవ్వరు. విత్తనాలు, ఎరువుల షాపులోనో బంగారం షాపులోనో స్వైప్ చేస్తే 2 శాతం ఎక్స్‌ట్రా అడిగారా? వచ్చేది అర శాతం, పోయేది 2 శాతం. అక్కడ యూపీఐ చేయడమే మేలు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసుకునే వీలుంది. కానీ షాపు క్యూఆర్ కోడ్‌కే డబ్బు వెళ్తుంది. టీ కొట్టులో ఓనర్ పర్సనల్ క్యూఆర్ పెట్టి ఉంటే పేమెంట్ అవ్వదు.

దసరా, సంక్రాంతికి వెళ్లాలంటే పాయింట్లు ఉన్నా సీటు ఉండాలి కదా. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే అడ్వాన్స్ రిజర్వేషన్ గడువు 60 రోజులే. బుకింగ్ తెరిచిన రోజుకి పాయింట్లు ఖాతాలో పడి ఉండాలి. ఈ నెల బిల్లు మీద వచ్చేవి బిల్లు తయారయ్యాకే కనిపించే కార్డులూ ఉన్నాయి. అందుకే నెల ముందే చూసుకోవాలి.

అసలు దెబ్బ తగిలేది మాత్రం బిల్లు దగ్గరే. బెంగళూరులో లాల్‌బాగ్, కబ్బన్ పార్క్, షాపింగ్ అన్నీ అయ్యాక 40 వేల బిల్లు వచ్చిందనుకోండి. "మినిమమ్ డ్యూ" అని 2 వేలు కట్టి ఊరుకుంటే మిగిలిన 38 వేల మీద నెలకు 3.5 శాతం చొప్పున 1,330 వడ్డీ, దాని మీద జీఎస్టీ 239. ఒక్క నెలకే దాదాపు 1,570. మొదట చెప్పిన మామూలు కార్డులో ఏడాదంతా కూడబెట్టిన 1,200 ఒక్క నెలలో ఎగిరిపోయినట్టే. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్న వాటి మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇంకో ప్రమాదం వాట్సాప్‌లో వస్తోంది. "మీ రివార్డ్ పాయింట్లు ఈ రోజుతో ఎక్స్‌పైర్" అని మెసేజ్, కింద ఒక ఏపీకే ఫైల్. ఇలాంటి మెసేజ్‌లు తాము పంపబోమని 2024లో ఎస్‌బీఐ కూడా హెచ్చరించింది. ఆ ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కు వచ్చే ఓటీపీలు మోసగాళ్ల చేతికి వెళ్లిపోతాయి. పాయింట్లు ఎన్ని ఉన్నాయో, ఎప్పటివరకు ఉంటాయో బ్యాంకు యాప్‌లోనే చూసుకోవాలి. ఇప్పటికే ఫైల్ నొక్కేసి డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా కార్డు బ్లాక్ చేయించి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి.